అమ్మ ఆ ఇంట్లోనే ఉంటానంటోంది

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. తెనాలిలో మా సొంత ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నాన్న ప్రభుత్వ హైస్కూల్లో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు, నాలుగేళ్ల కిందట పోయారు. కుటుంబ పింఛను వస్తుంది కాబట్టి డబ్బు కోసం అమ్మ ఎవరినీ అడగదు. ఇల్లు కూడా ఆమె పేరు మీదే ఉంది. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య డల్లాస్‌లో ఉంటాం.

కిందటి కార్తీకంలో తెల్లవారుజామున స్నానానికి వెళ్లి బాత్‌రూమ్‌లో జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. లోపల గడియ వేసుకుంది, ఫోను మంచం మీద ఉండిపోయింది. పాలుపోసే అబ్బాయి ఎంత పిలిచినా పలకకపోయేసరికి పక్కింటివాళ్లు వచ్చి తలుపు బద్దలుకొట్టారు. అప్పటికి దాదాపు రెండు గంటలు తడి నేల మీదే పడి ఉంది.

కట్టు వేయించి మా ఫ్లాటుకు తీసుకొచ్చాను. ఏ పనీ చేయనివ్వకుండా చూసుకున్నాను. మావారు కూడా ఎంతో గౌరవంగా ఉన్నారు. రెండు నెలలు ఉండి, కట్టు విప్పిన వారానికే సంచి సర్దుకుని రైలెక్కేసింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట: “నా ఇంట్లో నేనుంటాను. నాకేమైనా అయితే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనకుండా కావాలంటే రాసిస్తాను.”

అన్నయ్య ఈ సంక్రాంతికి వచ్చి ఇల్లు అమ్మేసి, ఆమెను నా దగ్గరికో, వృద్ధుల కోసం కట్టిన ఏదైనా మంచి వసతి గృహానికో మార్చేస్తానంటున్నాడు. ఆ మాట అమ్మతో కూడా అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బంధువులేమో “ఇద్దరు పిల్లలుండి తల్లిని అలా వదిలేశారు” అంటున్నారు. రాత్రి ఫోను మోగితే గుండె ఆగినంత పనవుతోంది. ఆమెను ఎలా ఒప్పించాలి? బలవంతంగానైనా తీసుకురావడం తప్పవుతుందా?

— ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం:

“రాసిస్తాను” అన్న మీ అమ్మగారి మాట నన్ను కదిలించింది. ప్రమాదం తెలియని మనిషి ఆ మాట అనరు. తడి నేల మీద రెండు గంటలు పడి ఉన్నది ఆమే. ఆ చీకటి, ఆ చలి, ఆ నొప్పి ఎలా ఉంటాయో మీకన్నా, నాకన్నా ఆమెకే బాగా తెలుసు. అన్నీ తెలిసే మళ్లీ ఆ ఇంటికి వెళ్లారు. పైగా రేపు నింద మీ మీద పడుతుందేమోనని మీ గురించి కూడా ఆలోచించారు. ఇంత స్పష్టంగా ఆలోచించే మనిషిని మొండి అనడం న్యాయం కాదు.

కాబట్టి ఎలా ఒప్పించాలన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టమని నా మనవి. ఆమె బుద్ధి స్థిరంగా ఉంది. బతకడానికి పింఛను ఉంది. ఇల్లు ఆమెది. ఎక్కడ ఉండాలో తేల్చుకునే హక్కు ఆమెది, అందులో కొంత ప్రమాదం ఉందని తెలిసీ దానికి సిద్ధపడే హక్కు కూడా ఆమెదే. బలవంతంగా తీసుకురావడం తప్పవుతుందా అని అడిగారు. అవును, తప్పే. ఆమె తనకు తాను నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే సంగతి వేరు. దాని గురించి తర్వాత చెబుతాను. ఈ రోజున మీరు చేయాల్సిన పని ఆ ప్రమాదాన్ని తగ్గించడం.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నాకొక లోటు కనిపించింది. పడిన సంగతి రాశారు, తలుపు పగలగొట్టిన సంగతి రాశారు, ఇల్లు అమ్మే ఆలోచన గురించి రాశారు. ఆ బాత్‌రూమ్ ఇప్పుడు ఎలా ఉందో రాయలేదు. పగిలిన తలుపు బదులు కొత్త తలుపు పెట్టించి ఉంటారు, దానికి లోపల మళ్లీ అదే గడియ ఉండి ఉంటుంది. నా ఊహ తప్పయితే సంతోషిస్తాను. చాలా ఇళ్లలో జరిగేది మాత్రం ఇదే. మనిషిని ఇంట్లోంచి తీసుకెళ్లాలని పిల్లలు ఎంత తాపత్రయపడతారో, ఆ ఇంట్లో చేత్తో పట్టుకునే ఒక కమ్మీ బిగించడానికి అంత తాపత్రయపడరు. కమ్మీ బిగిస్తే ఆమె అక్కడే ఉండడానికి ఒప్పుకున్నట్టు అవుతుందని లోలోపల అనుకుంటారు. ఒప్పుకోండి. ఆ తర్వాతి పనులన్నీ తేలికవుతాయి.

ముందుగా మీరు ఒక్కరే తెనాలి వెళ్లండి. అన్నయ్యను వీడియోలో కూర్చోబెట్టకండి, పెద్దమనుషులుగా బాబాయినీ మామయ్యనూ పిలవకండి. అందరూ ఒకవైపు, తానొక్కతే ఒకవైపు అయితే ఏ మనిషైనా బిగుసుకుపోతారు. వెళ్లగానే చెప్పండి: “అమ్మా, నిన్ను తీసుకెళ్లడానికి రాలేదు. నువ్వు ఇక్కడే ఉండాలంటే ఇంట్లో ఏమేం కావాలో ఇద్దరం కలిసి చూద్దామని వచ్చాను.” ఈ మాటను ఆమె మొదట నమ్మకపోవచ్చు. ఏడాదిగా మీ నోట మరో మాట వింటున్నారు కదా. రెండు మూడు రోజులు ఉండి, ఆమె దినచర్యను ఆమె వెనకే ఉండి చూడండి. పొద్దున ఎన్నింటికి లేస్తారు, చీకట్లో ఎటు నడుస్తారు, ఏ వస్తువు కోసం వంగుతారు, ఏ జాడీ కోసం స్టూలు ఎక్కుతారు. ఆ చూపుతో ఇల్లంతా ఒకసారి తిరిగితే ఏం మార్చాలో ఇల్లే చెబుతుంది.

బాత్‌రూమ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మన ఇళ్లలో ఇంతకన్నా ప్రమాదకరమైన గది లేదు. నునుపు టైల్స్ ఉంటే తీయించి గరుకువి వేయించండి. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే కిందికి బాగా అతుక్కునే రబ్బరు మ్యాట్ వేయండి. స్నానం చేసే చోట ఒకటి, కమోడ్ పక్కన ఒకటి, గుమ్మం దగ్గర ఒకటి చొప్పున స్టీలు కమ్మీలు పెట్టించండి. వాటిని మేస్త్రీ చేత గోడ ఇటుకలోకి బలంగా దిగగొట్టించాలి. తువ్వాలు వేసుకునే కమ్మీని నమ్ముకోకూడదు, మనిషి బరువు పడితే అది ఊడి చేతికి వస్తుంది. పాతకాలపు మరుగుదొడ్డి అయితే కమోడ్ పెట్టించక తప్పదు. వెడల్పు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్నానం చేసే ఏర్పాటు చేయండి. బక్కెట్టును ఒక పీట మీద పెడితే చెంబు ముంచడానికి వంగక్కర్లేదు. వంటింట్లో నీళ్లు కాచి మోసుకెళ్లే అలవాటు ఉంటే గీజరు పెట్టించండి. తలంటు రోజున నేల మీద నూనె, కుంకుడు రసం కలిసి ఎంత జారుతాయో మీకు తెలుసు. ఆ రోజు మాత్రం ఇంట్లో ఇంకో మనిషి ఉండేలా చూసుకోవాలి.

ఇక తలుపు. లోపల గడియ తీసేసి, బయటి నుంచి కూడా నాణెంతోనో తాళంచెవితోనో తెరవగలిగే గొళ్లెం పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చించండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే, బయటివాళ్లు తలుపు నెట్టడానికి కూడా వీలుండదు. సాయం ఆలస్యమయ్యేది అక్కడే.

కార్తీక స్నానం మానమని మాత్రం అనకండి. లైటు వేసుకుని, వేడి నీళ్లతో, కుర్చీలో కూర్చుని చేసినా అది కార్తీక స్నానమే. ఆమె కోరుకునేది ఆ తెల్లవారుజామునూ ఆ దీపాన్నీ. వాటిని ఆమెకు ఉంచి, ప్రమాదాన్ని మాత్రం తీసేయవచ్చు. దీపం పెట్టే చోట కొంగు అంటుకోకుండా పళ్లెం కాస్త ఎత్తులో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు, కరెంటు పోతే ఇన్వర్టరు, తలగడ కింద టార్చి ఉండాలి. దారిలో కాళ్లకు చుట్టుకునే పట్టలు, వైర్లు తీసేయండి. అరిగిపోయిన హవాయి చెప్పుల బదులు మడమ పట్టుకునే చెప్పులు కొనండి. అటక మీది జాడీలన్నీ నడుము ఎత్తుకు దింపేయండి. పెరట్లో అంట్లు తోమే చోట, బట్టలుతికే బండ దగ్గర నాచు పట్టి ఉంటే గీకించండి. వానాకాలంలో అది మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి నెలకొకసారి గీకే మనిషిని మాట్లాడి పెట్టండి.

ఇల్లు ఎంత సరిచేసినా, ఒంట్లో కారణం ఉంటే మళ్లీ పడతారు. అందుకే ఒక మంచి ఫిజీషియన్‌కు చూపించండి, ఆమె వాడే మందులన్నీ, కొట్లో అడిగి కొనుక్కునే మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నిద్రమాత్రలు, కొన్ని రకాల జలుబు మాత్రలు, మోతాదు ఎక్కువైన బీపీ మాత్రలు పెద్దవాళ్లను తూలేలా చేస్తాయి. బీపీని పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ కొలవమని అడగండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. మరో పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. కుర్చీలోంచి లేచి, పది అడుగుల దూరం, అంటే మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే అవకాశం ఎక్కువని వైద్యులు లెక్కవేస్తారు.

మణికట్టు విరగడాన్ని “చేయే కదా, అతుక్కుంది” అని వదిలేయకండి. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. ఈసారి విరిగేది తుంటి కావచ్చు. తుంటి విరిగితే ఆపరేషను, నెలల తరబడి మంచం, ఆమె ఎంతగానో కాపాడుకుంటున్న స్వతంత్రానికి నిజమైన గండి. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేయించండి. ఎముకలను గట్టిపరిచే మందులు ఉన్నాయి. విటమిన్ డి, కాల్షియం ఎంత కావాలో డాక్టరే చెబుతారు. కళ్లలో శుక్లాలు ఉన్నాయేమో, చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించండి. వీటన్నిటితో పాటు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర కాళ్ల బలానికి, నిలకడకు చేసే వ్యాయామాలు నేర్పించండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం లాంటివి రోజూ చేస్తే పడిపోవడం తగ్గుతుందని గట్టి రుజువులున్నాయి. తన ఇంట్లో ఉండాలన్న పట్టుదల ఉన్న మనిషి ఈ వ్యాయామం మానరు. “నువ్వు ఇక్కడ ఉండాలంటే కాళ్లలో బలం ఉండాలి” అని చెప్పి చూడండి.

ఇన్ని చేసినా ఆమె మళ్లీ పడవచ్చు. అందుకని పడ్డాక ఎంతసేపట్లో సాయం అందుతుందో ఇప్పుడే తేల్చుకోవాలి. పోయినసారి అసలు ప్రమాదం ఆ రెండు గంటలది. ఇంకాసేపు అలాగే ఉంటే ఒంట్లో నీరు తగ్గి, చలి పట్టి, కండరాలు దెబ్బతిని కిడ్నీల దాకా వెళ్లేది. మెడలో వేసుకుని, సాయం కావాలంటే నొక్కే చిన్న మీట యంత్రాలున్నాయి, మనిషి పడగానే గుర్తించి ఫోను చేసే వాచీలున్నాయి. ఆమెకు నచ్చితే కొనండి. నచ్చకపోతే మామూలు బటన్ ఫోనును తాడుకు కట్టి మెడలో వేసుకున్నా చాలు, స్నానానికి వెళ్లేటప్పుడు దాన్ని చేతికి అందే కొక్కేనికి తగిలించుకోవాలి. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఉండాలి. పొద్దున కాఫీ తాగాక ఆమె మీకొక సందేశం పంపే పద్ధతి పెట్టుకోండి. ఫలానా వేళలోగా రాకపోతే మీరు పక్కింటికి ఫోను చేస్తారని ముందే అనుకోండి. మీకు రాత్రి నిద్ర పట్టడానికి కూడా ఇది ఉపయోగపడుతుంది. భయం మొత్తం పోదు. ఏ గంటకు ఎవరికి ఫోను చేయాలో తెలిసినప్పుడు మాత్రం అది కాస్త అదుపులో ఉంటుంది. తలుపు బద్దలుకొట్టిన ఆ పక్కింటివాళ్లను మీరు వెళ్లి ప్రత్యేకంగా కలవండి. ఈ ఏర్పాటులో మీకన్నా వాళ్ల పాత్ర పెద్దది.

కెమెరాల గురించి కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు మొదట తట్టే ఉపాయం అదే. ఆమెకు చెప్పకుండా ఒక్క కెమెరా కూడా పెట్టవద్దు. వీధి గుమ్మం వైపు ఒకటి చాలని ఆమె అంటే ఒకటే పెట్టండి. తన ఇంట్లో తాను కొంగు సర్దుకోవడానికి కూడా సంకోచించాల్సిన పరిస్థితి తెచ్చేటట్టయితే, ఆమె మీ ఇంట్లో ఉన్నా తన ఇంట్లో ఉన్నా తేడా ఉండదు.

మీ ఇంట్లో గడిచిన ఆ రెండు నెలల గురించి కాసేపు మాట్లాడుకుందాం. ఏ పనీ చేయనివ్వలేదని రాశారు. అందులో మీ ప్రేమ నాకు కనిపిస్తోంది. ఆమె వైపు నుంచి చూడండి. తెనాలిలో పాల లెక్క ఆమెది. కూరలమ్మితో బేరం ఆమెది. వీధిలో పెళ్లయితే శుభలేఖ ఆమె పేరున వస్తుంది. ఇవాళ పప్పా పులుసా అన్నది ఆమె ఇష్టం, మధ్యాహ్నం ఫ్యాను ఎంత వేగంతో తిరగాలన్నది ఆమె ఇష్టం. జీవితమంతా ఒక ఇంటిని నడిపిన మనిషిని సోఫాలో కూర్చోబెట్టి, “నువ్వు కూర్చో అమ్మా” అన్నారు. పగలు మీరిద్దరూ ఆఫీసుకు వెళ్లాక ఆ ఫ్లాటులో ఆమె చేసిందేమిటి? తలుపు తీస్తే లిఫ్టు, ఎదురు ఫ్లాటు తాళం. పడకుండా క్షేమంగా ఉన్నారు, నిజమే. తన పనంటూ లేకుండా ఉన్నారు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి పని పోతే కాళ్లలో బలం కూడా తొందరగా పోతుంది.

ఇంకొకటి ఉంది, ఆమె పైకి చెప్పి ఉండరు. కూతురి ఇంట్లో నెలల తరబడి ఉండడం ఆ తరం ఆడవాళ్లకు ఇప్పటికీ మనసొప్పదు. అల్లుడి ముందు పైట సవరించుకుంటూ, టీవీ చప్పుడు తగ్గించుకుంటూ, బాత్‌రూమ్ ఖాళీ అయిందో లేదో చెవి పెట్టి వింటూ ఉంటారు. మీవారి మర్యాదలో లోపమేమీ లేదు. ఆయన ఎంత మర్యాదగా ఉంటే ఆమె అంత జాగ్రత్తగా ఉంటారు, ఆ జాగ్రత్తతోనే అలసిపోతారు. ఇకమీదట ఆమె మీ ఇంటికి చుట్టపు చూపుగా వచ్చినప్పుడు పచ్చడి నూరమనండి, మీ పిల్లలకు ఏదైనా నేర్పమనండి. వెనక్కి వెళ్లే టికెట్టు కూడా ముందే కొని ఆమె చేతిలో పెట్టండి. తిరిగి పంపుతారన్న నమ్మకం ఉంటే ఎక్కువసార్లు వస్తారు.

పనిమనిషి విషయంలో తొందరపడకండి. రాత్రీ పగలూ ఉండే మనిషిని మీరు హైదరాబాద్ నుంచి మాట్లాడి పంపితే, వారం తిరక్కుండా ఆమె సాగనంపేస్తారు. పొద్దున రెండు గంటలు వచ్చే మనిషితో మొదలుపెట్టండి. ఆ మనిషిని ఆమే ఎంచుకోవాలి, జీతం ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. బాత్‌రూమ్ కడగడం, తడిబట్ట పెట్టడం, నీళ్లు మోయడం, గ్యాస్ బండ మార్చడం లాంటి బరువు పనులు ఆ మనిషికి అప్పగించి, వంట ఆమెకే వదిలేయండి. ఆమె స్నానం వేళకు ఆ మనిషి ఇంట్లో ఉండేలా సమయం కుదిరితే, సగం భయం తీరినట్టే.

బయటి పనుల్లో చాలావాటిని ఇప్పుడు ఇంటి దగ్గరే కానివ్వవచ్చు. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దకే వచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది, మేనేజరును అడగండి. పింఛను కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖం చూపించి ఇవ్వవచ్చు, తపాలా శాఖవారు ఇంటికి వచ్చి కూడా చేస్తారు. ఆస్పత్రి ఖర్చుకు 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో పని లేకుండా, ఆ కుటుంబంలోని పెద్దల కోసం ఏటా 5 లక్షల రూపాయల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. మీ నాన్నగారి ఉద్యోగం వల్ల ఆమెకు పింఛనుదారుల ఆరోగ్య కార్డు కూడా ఉంటే, ఏది ఎక్కడ చెల్లుతుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. అంబులెన్సుకు 108, పెద్దల సమస్యలకు 14567 అన్న అంకెలను పెద్ద అక్షరాలతో రాసి ఫోను దగ్గర అంటించండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు పోలీసులమని చెప్పి ఫోను చేసి, డిజిటల్ అరెస్టు అంటూ బెదిరించి డబ్బు లాగే ముఠాలున్నాయి. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని, ఎవరైనా అలా అంటే ఫోను పెట్టేసి మీకు చెప్పమని, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీ అన్నయ్య. ఆయన కోపం వెనక భయం ఉందని నాకు అర్థమవుతోంది. తొమ్మిది వేల మైళ్ల అవతల ఉన్నవాడికి చేతికి అందే పరిష్కారం ఒక్కసారిగా అంతా తేల్చేయడమే. అయినా ఇల్లు అమ్మడం ఆయన చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదు. హిందూ వారసత్వ చట్టం 1956లోని 14వ సెక్షను ప్రకారం స్త్రీ పేరున ఉన్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు. “ముందు మా పేరు మీద రాసెయ్, తర్వాత చూసుకుందాం” అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. గిఫ్టు దస్తావేజు రిజిస్టరైతే ఆస్తి అప్పుడే చేయి దాటిపోతుంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షను ఉంది. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చాక చూసుకోకపోతే, ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో ఈ సెక్షనును పెద్దల మేలు కోరి ఉదారంగా అన్వయించి, కొడుక్కి ఇచ్చిన గిఫ్టును రద్దు చేసింది. అంతదాకా వెళ్లాల్సిన అవసరం ఏ తల్లికీ రాకూడదు. ఆమెకు ఇష్టమైతే ఇద్దరు సాక్షుల ముందు వీలునామా రాసుకుంటారు. అది ఆమె ఉన్నంతకాలం ఆమె చేతిలోనే ఉంటుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రాయమని అడగడం కూడా మీ పని కాదు.

అన్నయ్య చేయగల పని చాలా ఉంది. బాత్‌రూమ్ మార్పులకు, ఇన్వర్టరుకు, పనిమనిషికి డబ్బు ఆయన పంపవచ్చు. ఆమె తీసుకోనంటే మేస్త్రీకి నేరుగా ఇవ్వవచ్చు. డల్లాస్‌లో రాత్రి భోజనాల వేళకు తెనాలిలో తెల్లవారుతూ ఉంటుంది. పొద్దున కాఫీ వేళ పలకరింపు బాధ్యత ఆయన తీసుకుంటే మీకు భారం తగ్గుతుంది, వాళ్లిద్దరి మధ్య మాటలూ మళ్లీ మొదలవుతాయి. ఒక్క షరతు పెట్టండి: ఆ ఫోనులో ఇల్లు, అమ్మకం అన్న ప్రసక్తి రాకూడదు.

ఎప్పటికీ ఇలాగే ఉండనివ్వాలా అన్నది మీ మనసులో ఉన్న ప్రశ్న. ఉండనివ్వలేని రోజు రావచ్చు. పొయ్యి మీద గిన్నె మాడడం అందరి ఇళ్లలోనూ జరిగేదే. గ్యాసు తెరిచి వెలిగించడం మరిచిపోవడం పదేపదే జరిగితే, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటుంటే, రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తెలియకపోతే, చీర వదులై మనిషి చిక్కిపోతున్నా వండుకోకపోతే, అప్పుడు ఆలోచించాలి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో తికమకగా మాట్లాడడం మొదలుపెడితే, మతిమరుపు వచ్చేసిందని ఇల్లు ఖాళీ చేయించకండి. పెద్దవాళ్లలో రక్తంలో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చినా సరిగ్గా అలాగే అవుతుంది. ఆస్పత్రికి తీసుకెళ్లి వైద్యం చేయిస్తే చాలావరకు మళ్లీ మామూలు మనిషి అవుతారు. నెలల తరబడి నెమ్మదిగా పెరిగే మరపు వేరు, దానికి నిపుణుల పరీక్ష కావాలి.

ఆ హద్దులు ఏమిటో మీరు రాయకండి, ఆమెనే అడగండి. “అమ్మా, ఏం జరిగితే ఇక ఒంటరిగా ఉండకూడదని నువ్వే అనుకుంటావు?” అని అడగండి. అప్పుడు ఎక్కడ ఉండాలనుకుంటారో కూడా అడగండి. మీ ఇంట్లోనా, మీ ఇంటికి దగ్గర్లో కింది అంతస్తులో చిన్న అద్దె ఇంట్లోనా, తెనాలిలోనే మనిషిని పెట్టుకునా, గుంటూరు వైపు ఏదైనా మంచి వసతి గృహంలోనా. ఆ గృహాలను చెడ్డవిగా చూడాల్సిన పని లేదు. తాను చూసి, నచ్చి వెళ్లినవాళ్లు అక్కడ హాయిగా ఉన్నారు. తెలియకుండా చేర్చినవాళ్లు కుంగిపోతారు. రాసిస్తానన్నారు కదా, ఆమె చెప్పిన ఈ మాటలనే ఆమె చేత్తో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆరు నెలలకొకసారి దాన్ని ఇద్దరూ కలిసి చదువుకోండి. రేపు నిజంగా ఆ రోజు వస్తే, మీరు ఆమె మాటను కాదన్నట్టు ఉండదు, ఆమె మాట నిలబెట్టినట్టు ఉంటుంది.

బంధువుల మాటకొస్తే, నలుగురి కోసం అమ్మను కదల్చవద్దు. మీరు రాత్రిళ్లు మేలుకుంటున్నది అమ్మ గురించిన భయంతో ఎంత, లోకం ఏమంటుందోనన్న భయంతో ఎంత అని మీరే ఒకసారి తరచి చూసుకోండి. రెండోదానికి మందు తెనాలిలో దొరకదు. “వదిలేశారు” అన్న పెద్దమనిషిని ఈసారి ఒక పని అడగండి: వారానికి ఒక సాయంత్రం వెళ్లి ఆమెతో కాసేపు కూర్చుని రమ్మనండి. ఒప్పుకుంటే ఆమెకు ఒక తోడు దొరుకుతుంది. ఒప్పుకోకపోతే వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు.

సంక్రాంతికి ఇల్లు అమ్మేస్తామన్న మాటను మాత్రం ఈ వారమే వెనక్కి తీసుకోండి. అన్నయ్యతో మాట్లాడి ఆయన చేతనే ఫోనులో చెప్పించండి. పండక్కి ఆయన రావాల్సిందే, రమ్మని పిలవాల్సింది అమ్మగారు. ఈలోగా బాత్‌రూమ్ పనికి మేస్త్రీని మీరు హైదరాబాద్ నుంచి పురమాయించకండి. కమ్మీ ఎక్కడ ఉండాలో, కుర్చీ ఎటు తిరిగి ఉండాలో ఆమెకు తెలుసు. మేస్త్రీని ఆమెనే పిలిపించుకోమనండి. పని జరిగే రోజున మీరు పక్కన ఉండండి.